అదనెరిగిన వైద్యుడు – డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ

హైదరాబాదు నగరమున అమీర్‌పేట కూడలి నుండి పంజాగుట్ట వైపు నడచి పోవువారికి రెండు విధములైన పలకలు తరచుగా కన్పించును. మొదటివి కంప్యూటరు విద్యను నేర్పు శిక్షణాలయములవి. రెండవవి సంతానసాఫల్య కేంద్రములవి. మొదటి వాని మెట్లను యువకులు ఎక్కుచుందురు. రెండవ వాని మెట్లను కొంచెము వయస్సు వచ్చిన దంపతులు, ఎరిగినవారెవరైన చూతురేమో యను జంకుతో ఎక్కుచుందురు. కరీంనగరు నుండియో, నల్లగొండ నుండియో, కర్నూలు నుండియో వచ్చి, మెట్రో రైలు దిగి, రక్తపరీక్షల కాగితములును స్కానింగు చిత్రములును నిండిన ఫైలును చంకన పెట్టుకొని వారు వైద్యుని గది ముందు కూర్చుందురు.

ఆ ఫైలులో రెండు అంకెలకు ప్రాధాన్యము మెండు. ఒకటి రక్తములోని హార్మోనుల లెక్క. రెండవది గర్భాశయపు లోపలి పొర యెన్ని మిల్లీమీటర్ల మందమున్నదను లెక్క. ఈ రెండింటిని చూచి వైద్యుడు ఒక్కొక్కప్పుడు పిండము బాగుగనే యున్నది గాని గర్భాశయము ఇంకను సిద్ధము కాలేదనియు, పిండమును శీతలములో దాచి వచ్చే నెలలోనో ఆపై నెలలోనో ప్రవేశపెట్టవచ్చుననియు చెప్పును. దంపతులు నిట్టూర్చి ఇంటికి పోవుదురు. నేడు ఇది నిత్యము వినబడు సలహా. కాని ఈ ఉపాయమును మానవుల విషయమున మొట్టమొదట ఆచరణలో పెట్టినవాడు మన దేశపు వైద్యుడే యనియు, అందుకు ఆయనకు దక్కిన ప్రతిఫలము అవమానమే యనియు ఆ దంపతులలో ఎందరికి తెలియును? మన పాఠశాలలలో ఎందరు విద్యార్థులకు తెలియును? ఆయన వంగదేశీయుడైన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ. ఆయన జీవితమును సంగ్రహముగా తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సుభాష్ ముఖోపాధ్యాయ 1931వ సంవత్సరము జనవరి 16వ తేదీన హజారీబాగులో జన్మించిరి. ఆ పట్టణము అప్పుడు బీహారు-ఒరిస్సా రాష్ట్రములోనిది. నేడు జార్ఖండు రాష్ట్రములో నున్నది. ఆయన వైద్యవిద్య కలకత్తాలోని నేషనల్ మెడికల్ కళాశాలలో సాగెను. 1955లో పట్టము పొందిరి. శరీరధర్మశాస్త్రము ఆయనకు మొదటి నుండియు ప్రీతిపాత్రమైన విషయము. వైద్యపట్టము చేతికి రాగానే పేరున్న వీథిలో ఆసుపత్రి తెరచి ధనమార్జించుట సులభమైన మార్గము. ఆయన ఆ మార్గమున పోలేదు. ఆచార్య సచ్చిదానంద బెనర్జీ శిష్యుడై, సంతానోత్పత్తికి సంబంధించిన శరీరధర్మములపై పరిశోధన చేసి 1958లో కలకత్తా విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు పొందిరి.

ఒక డాక్టరేటుతో ఆయనకు తృప్తి కలుగలేదు. స్కాట్లండులోని ఎడింబరో నగరమున జాన్ లొరెయిన్ అను పండితుడు హార్మోనులను కొలుచు విద్యలో ఆరితేరినవాడై యుండెను. ముఖోపాధ్యాయ అచ్చటికి పోయి, 1967లో రెండవ డాక్టరేటు పొందిరి. హార్మోనును కొలుచుట యనగా నేమో విద్యార్థులు ఊహించుకొనవలెను. మెదడు క్రింద శనగగింజంత యుండు పీయూషగ్రంథి నుండియు, అండాశయముల నుండియు వెలువడు ఈ రసములు రక్తములో మిక్కిలి స్వల్పముగా నుండును. అండాశయము నుండి వచ్చు ఈస్ట్రోజను వంటి దానిని పికోగ్రాములలో లెక్కింతురు. పికోగ్రామనగా గ్రాములో లక్షకోటవ వంతు. అంత స్వల్పమైన ద్రవ్యము స్త్రీ శరీరములో ఋతువులను నడుపుచున్నది. దానిని లెక్కగట్టు నేర్పు చేతికి వచ్చినవానికి గర్భధారణ రహస్యము సగము చేతికి వచ్చినట్లే.

విదేశములలో అట్టి విద్య నేర్చినవారు పెక్కుమంది అచ్చటనే స్థిరపడుచుండిన కాలమది. ముఖోపాధ్యాయ కలకత్తాకు తిరిగి వచ్చి నీల్‌రతన్ సర్కార్ వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రమును బోధించుచు 1975 వరకు ఉండిరి. ఆ పిమ్మట ప్రభుత్వము ఆయనను బాంకురా వైద్యకళాశాలకు పంపెను. బాంకురా కలకత్తాకు చాల దూరమున నున్న జిల్లా పట్టణము. ఉద్యోగమొక చోట, ప్రయోగశాల యొక చోట. ఆయన బాంకురాలో పాఠములు చెప్పుచు, కలకత్తాకు వచ్చిపోవుచు, తన పరిశోధన సాగించిరి.

ఆ పరిశోధనలోని కీలకమును గ్రహించుటకు మొదట గర్భాశయమును గూర్చి కొంత తెలిసికొనవలెను. మన రైతునకు విత్తనము ఎంత ముఖ్యమో అదను అంత ముఖ్యము. దుక్కి లేని నేలలో మేలైన గింజ వేసినను మొలవదు. పదును ఆరిన పిమ్మట వేసినను మొలవదు. స్త్రీ గర్భాశయమునకును ప్రతి మాసము అట్టి అదను ఒకటి వచ్చును. ఋతుస్రావము ముగియగానే లోపలి పొర పలుచగా నుండును. అండాశయములో అండము పెరుగుచున్న కొలది ఈస్ట్రోజను పెరిగి, ఆ పొరను దినదినమును మందము చేయును. ఇది దుక్కి వంటిది. ఇరువది యెనిమిది దినముల ఋతుచక్రములో సుమారు పదునాలుగవ నాడు అండము విడుదలయగును. అండము వెడలిన స్థానమున పసుపుపచ్చని చిన్న గ్రంథి యేర్పడి ప్రొజెస్టిరోను అను రెండవ రసమును స్రవించును. దాని ప్రభావమున ఆ పొర మెత్తబడి, పోషకరసములతో నిండి, పిండమును పట్టుకొనుటకు తగినదగును. ఇది పదును వంటిది.

ఈ పదును ఎంతో కాలము నిలువదు. అండము విడుదలైన తరువాత సుమారు ఆరవ దినము నుండి పదియవ దినము వరకే గర్భాశయము పిండమును స్వీకరించును. అంతకు ముందు వచ్చిన పిండమునకు తలుపు తెరువబడదు. ఆలస్యముగ వచ్చిన దానికి మూసివేయబడియుండును. పిండము సకాలమున పొరలో నాటుకొన్నచో, అదియే తన ఉనికిని తెలుపు హార్మోనును తల్లి రక్తములోనికి పంపును. దాని వలన పసుపుపచ్చని గ్రంథి వాడిపోక, మాయ ఎదిగి ఆ బాధ్యతను స్వీకరించు వరకు ప్రొజెస్టిరోనును స్రవించుచునే యుండును. పిండము నాటుకొననిచో గ్రంథి వాడిపోవును, పొర రాలిపోవును, మరల ఋతుస్రావము వచ్చును. తల్లికిని బిడ్డకును మధ్య జరుగు మొదటి సంభాషణ ఈ రసముల భాషలోనే జరుగుచున్నది.

ఈ విజ్ఞానము ఒక్కనాట పుట్టినది కాదు. అమెరికాలో జార్జి కార్నరు, విల్లర్డు ఆలెన్ అను వారు 1929లో ఆ పసుపుపచ్చని గ్రంథి నుండి సారమును తీసి, అది లేనిదే కుందేలు గర్భము నిలువదని చూపిరి. 1934 నాటికి దానిలోని ప్రొజెస్టిరోను శుద్ధరూపమున లభించెను. 1950లో చాంగ్ అను చైనాదేశీయ శాస్త్రజ్ఞుడు అమెరికాలో పనిచేయుచు, ఒక కుందేలు పిండమును వేరొక కుందేలు గర్భములో ప్రవేశపెట్టి చూచెను. పిండము వయస్సును గర్భాశయపు స్థితియు దినముల లెక్కలో సరిపోలినప్పుడే పిల్లలు పుట్టునని ఆయన ప్రయోగములలో తేలెను. ఆ సంవత్సరముననే నాయిస్, హెర్టిగు, రాక్ అను మువ్వురు వైద్యులు స్త్రీ గర్భాశయపు పొరను సూక్ష్మదర్శినిలో చూచి, అది ఏ దినపు పొరయో చెప్పు పద్ధతిని ప్రకటించిరి. ముఖోపాధ్యాయ ఈ సంప్రదాయమునకు వారసుడు.

1970వ దశకములో ఇంగ్లండునందు రాబర్టు ఎడ్వర్డ్సు, పాట్రిక్ స్టెప్టో అను ఇరువురు, గర్భనాళములు మూసికొనిపోయిన స్త్రీలకు సంతానము కలిగించుటకై శ్రమించుచుండిరి. స్త్రీ శరీరమున ప్రతి మాసము సాధారణముగా ఒక్క అండమే పక్వమగును. ఒక్క అండముతో ప్రయోగము చేయుట కష్టము గనుక వారు మొదట హార్మోనుల సూదిమందులనిచ్చి పెక్కు అండములను పక్వము చేసిరి. అండములు దొరకినవి, గాజుపాత్రలో ఫలదీకరణము జరిగినది, పిండములు ఏర్పడినవి. కాని వానిని గర్భాశయములో ప్రవేశపెట్టగా నిలువలేదు. ఒక గర్భము నిలిచినను అది గర్భాశయములో గాక నాళములో పెరిగినందున తీసివేయవలసి వచ్చెను.

దీనికి కారణము నేడు స్పష్టముగా తెలియును. ఒక్క అండము పెరుగునప్పుడు ఈస్ట్రోజను మిల్లీలీటరు రక్తములో రెండు మూడు వందల పికోగ్రాముల వరకు పెరుగును. సూదిమందుతో పది అండములు ఒక్కసారి పెరిగినచో అది వేలకు పోవును. ప్రొజెస్టిరోను సయితము ఒక్కొక్కప్పుడు అదనుకు ముందే పెరుగును. అప్పుడు గర్భాశయపు పొర తన దినములను తొందరగా గడిపివేయును. పిండము వచ్చునప్పటికి పదును ఆరిపోయియుండును. విత్తులు ఎక్కువ కావలెనని వేసిన ఎరువే నేలను చెరుపుట వంటిది ఇది.

ఎడ్వర్డ్సు, స్టెప్టో ఈ చిక్కు నుండి బయటపడుటకు సూదిమందులను మానివేసి, సహజముగా పక్వమగు ఒక్క అండముపైననే ఆధారపడిరి. ఆ విధముగ 1978 జూలై 25వ తేదీన లూయీ బ్రౌన్ అను ఆడుశిశువు జన్మించెను. లోకమంతయు మారుమ్రోగెను.

ముఖోపాధ్యాయ ఆ చిక్కునే ఎదుర్కొని వేరొక దారి త్రొక్కిరి. సూదిమందును విడువలేదు. ఋతువులుడిగిన స్త్రీల మూత్రము నుండి తీసిన హార్మోనునిచ్చి పెక్కు అండములను పక్వము చేసిరి. ఉదరమునకు రంధ్రము చేసి పరికరమును చొప్పించుటకు బదులు యోనిమార్గమున చిన్న కోతతో అండములను గ్రహించిరి. పిండములు ఏర్పడిన పిమ్మట వానిని వెంటనే ప్రవేశపెట్టక శీతలీకరించిరి. సూదిమందు ప్రభావమంతయు తగ్గి, స్త్రీ శరీరము తన సహజమైన ఋతుచక్రమునకు మరలివచ్చి, గర్భాశయము తనంతట తాను సిద్ధమగు వరకు పిండము వేచియుండవలెనని ఆయన యోచన. నేల చెడినప్పుడు విత్తును గాదెలో దాచి మరుసటి అదను కొరకు కాచుకొను రైతు బుద్ధియే ఇది.

చెప్పుటకు సులభముగ నున్నను చేయుట సులభము కాదు. జీవకణములో నీరే ఎక్కువ. ఊరక గడ్డకట్టించినచో ఆ నీరు మంచుపలుకులుగా మారి కణమును చీల్చివేయును. దానిని నివారించుటకు ఒక రక్షకద్రవ్యము కావలెను. డైమిథైల్ సల్ఫాక్సైడు అను ద్రవ్యమును వాడి, ఎలుక పిండములను గడ్డకట్టించి, కరిగించి, వాని నుండి పిల్లలను పుట్టించిన వార్త 1972లో వెలువడియుండెను. మానవపిండముతో అట్టి పని చేసి బిడ్డను కన్నవారు లోకములో లేరు. ముఖోపాధ్యాయకు ఇందులో ఇరువురు తోడైరి. ఒకరు శీతలశాస్త్రము నెరిగిన సునీత్ ముఖర్జీ. మరియొకరు స్త్రీవైద్యుడైన సరోజ్‌కాంతి భట్టాచార్య. డైమిథైల్ సల్ఫాక్సైడు రక్షణలో ఆ పిండము 53 దినములు శీతలములో నిద్రించెను. ఆ పిమ్మట దానిని కరిగించి, తల్లి సహజఋతుచక్రములో అదనెరిగి ప్రవేశపెట్టిరి.

1978 అక్టోబరు 3వ తేదీన, లూయీ బ్రౌన్ జన్మించిన 70 దినములకు, కలకత్తాలో ఒక ఆడుశిశువు జన్మించెను. అది శరన్నవరాత్రులలో తొలినాడు. శిశువును లోకము దుర్గ యను పేరుతో ఎరిగెను.

ఆనందము ఎక్కువ కాలము నిలువలేదు. తలిదండ్రులు సంఘభీతి గలవారు. బిడ్డ పుట్టుకను గూర్చి బంధువులేమందురో, పెద్దయైన పిమ్మట ఆ పిల్లను ఎవరు చేసికొందురో యని వారు వెరచిరి. ముఖోపాధ్యాయ వారి రహస్యమును కాపాడిరి. తన మాటకు సాక్ష్యముగా బిడ్డను సభలో నిలిపి చూపగల అవకాశమును ఆయన తానుగా వదలుకొన్నట్లయ్యెను. వైద్యుడు రోగి నమ్మకమును కాపాడుట ధర్మము. ఆ ధర్మమే ఆయనకు ముప్పు తెచ్చెను.

వంగరాష్ట్ర ప్రభుత్వము 1978 నవంబరులో ఆయన ప్రకటనను పరీక్షించుటకు ఒక సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్రమున పేరుగన్నవాడు. కృత్రిమ ఫలదీకరణమున గాని, పిండముల శీతలీకరణమున గాని స్వయముగా కృషి చేసినవారు అందులో లేరు. నూతన విషయమును శంకించుట శాస్త్రధర్మమే. ఇంత పెద్ద మాట చెప్పినవానిని సాక్ష్యము చూపుమనుట తప్పు కాదు. కాని సాక్ష్యమును చదువగల కన్ను పరీక్షకులకు ఉండవలెను. సంస్కృతము రానివారు కాళిదాసును పరీక్షించుటకు కూర్చున్నచో ఫలితమేమి యగును? సంఘము ఆయన మాటలు నమ్మదగినవి కావని తేల్చెను. ఆయన తన పద్ధతిని ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ హార్మోను సభలో వివరించియుండిరి; శీతలశాస్త్రమునకు సంబంధించిన భారతీయ పత్రికలో సంక్షిప్తముగా ప్రకటించియుండిరి. అవి ఆయనను రక్షింపలేదు.

జపానులోని క్యోటో విశ్వవిద్యాలయము 1979లో తన పరిశోధనను వివరించుటకు ఆయనను ఆహ్వానించెను. ఆయన ప్రభుత్వోద్యోగి గనుక అనుమతి కావలెను. అనుమతి రాలేదు. తెలిసినవారి ముందు తన పనిని పెట్టి వారి తీర్పును పొందుటకు గల ద్వారము ఆ విధముగ మూయబడెను. 1980లో గుండెజబ్బు వచ్చెను. మరల కలకత్తాకు బదిలీ యయ్యెను. 1981 జూన్‌లో వచ్చిన ఉత్తరువు మిక్కిలి విపరీతమైనది. సంతానోత్పత్తి హార్మోనులను జీవితమంతయు పరిశోధించిన ఆచార్యుని నేత్రవైద్య సంస్థలో, కంటికి సంబంధించిన విద్యుద్వ్యాపారములను బోధించు పదవికి పంపిరి. కొలిమి నెరిగిన కమ్మరిని మగ్గము ముందు కూర్చుండబెట్టినట్లయ్యెను.

ఆ సంవత్సరముననే, ఏబదియేండ్ల వయస్సులో, కలకత్తాలోని తన యింట ఆయన తన ప్రాణమును తానే తీసికొనిరి. భార్య నమిత ఒంటరిదయ్యెను. ఆత్మహత్య ఏ కష్టమునకును పరిష్కారము కాదు. బ్రతికియుండినచో కొలది సంవత్సరములలోనే తన విజయమును కన్నులార చూచియుండెడివారే. ఒక మేధావిని అంతవరకు నెట్టిన కార్యాలయముల కాఠిన్యమును, తోటివారి మౌనమును మాత్రము మనము మరువరాదు.

ఆయన మరణించిన తరువాత లోకము ఆయన త్రొక్కిన దారినే ఒక్కొక్క అడుగుగా నడచెను. 1981 డిసెంబరులో అమెరికాలో జన్మించిన మొదటి పరీక్షనాళిక శిశువు హార్మోను సూదిమందుతో పక్వమైన అండము నుండి కలిగినది. శీతలీకరించిన మానవపిండముతో గర్భము నిలిచిన వార్త 1983లో ఆస్ట్రేలియా నుండి వెలువడెను. మరుసటి సంవత్సరము ఆ విధమైన శిశువు అచ్చట జన్మించెను. ఆ దశకము గడుచునప్పటికి యోనిమార్గమున అండములను గ్రహించుటయే సర్వత్ర ఆచారమయ్యెను. ఈ మూడింటిని కలకత్తాలో 1978లోనే ఒక్క ప్రయోగములో కూర్చినవాని పేరును ఎవరును తలచుకొనలేదు. 1990లో తపన్ సిన్హా తీసిన హిందీ చలనచిత్రము, ఏక్ డాక్టర్ కీ మౌత్, ఆయన కథను తలపించినది. అందు వైద్యుడు కుష్ఠువ్యాధికి టీకామందు కనిపెట్టినట్లు చూపిరి. దాని మూలకథ రమాపద చౌధురి వ్రాసినది. దాని పేరు అభిమన్యు. పద్మవ్యూహమున చొచ్చి వెడలిరాలేని వీరుని పేరు ఆ కథకు ఎందుకు పెట్టిరో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఈ కథలో రెండవ మహనీయుని గూర్చి చెప్పవలసియున్నది. 1986 ఆగస్టు 6వ తేదీన బొంబాయిలో హర్ష యను శిశువు జన్మించెను. డాక్టరు ఇందిరా హిందుజా, శాస్త్రజ్ఞుడు టి. సి. ఆనంద్ కుమార్ ఆ కృషికి ముఖ్యులు. దేశమంతయు హర్షనే భారతదేశపు మొదటి పరీక్షనాళిక శిశువుగా కీర్తించెను. 1997లో ఆనంద్ కుమార్ ఒక సభకై కలకత్తాకు పోగా, ముఖోపాధ్యాయ చేతివ్రాతలు, లెక్కల పుస్తకములు ఆయన చేతికి వచ్చెను. ఆయన వానిని శ్రద్ధతో చదివెను. దుర్గ తలిదండ్రులతో మాట్లాడెను. చదివి, తెలిసికొని, కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసము వ్రాసి, భారతదేశపు మొదటి పరీక్షనాళిక శిశువును సృష్టించిన గౌరవము ముఖోపాధ్యాయదే యని లోకమునకు ప్రకటించెను.

ఆ గౌరవము అంతవరకు ఎవరిది? ఆనంద్ కుమార్‌ది, ఆయన సహచరులదియే. ఆ కాగితములను చూచి మిన్నకుండినచో అడుగువారు లేరు. తన కిరీటమును తానే తీసి, పదునారేండ్ల క్రితము మరణించిన వేరొకని శిరస్సున పెట్టిన శాస్త్రజ్ఞులు చరిత్రలో అరుదు. ఆ పిమ్మట భారత వైద్యపరిశోధన మండలియు ముఖోపాధ్యాయ కృషిని గుర్తించెను. 2003లో, తన ఇరువదియైదవ జన్మదినమున, దుర్గ స్వయముగా సభకు వచ్చి తానే ఆ శిశువునని చెప్పెను. 2010లో ఎడ్వర్డ్సునకు నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానము మరణించినవారికి ఇచ్చునది కాదు.

నేడు హైదరాబాదులో ముఖోపాధ్యాయ ఉపాయము నిత్యవ్యవహారము. ఆయన సహజమైన ఋతుచక్రమునకై కాచుకొనిరి. నేటి వైద్యులు అవసరమైనచో ఆ అదనును మందులతో కల్పించుచున్నారు. మొదట ఈస్ట్రోజను మాత్రలనిచ్చి పొరను పెంచుదురు. ధ్వనితరంగముల స్కానింగులో పొర 7 లేక 8 మిల్లీమీటర్లకు చేరి, మూడు గీతల వలె స్పష్టముగ కన్పించినచో తృప్తిపడుదురు. తరువాత ప్రొజెస్టిరోను మొదలిడి దినములు లెక్కింతురు. అయిదు దినముల వయస్సు గల పిండమైనచో అయిదు దినములు ప్రొజెస్టిరోను ఇచ్చిన పిమ్మట ప్రవేశపెట్టుదురు. 1950లో చాంగ్ కుందేళ్లలో చూచిన సూత్రమే ఇది.

గర్భాశయమును హార్మోనులు ఎంత దూరము సిద్ధము చేయగలవో మన రాష్ట్రములలోనే కనబడినది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బదియేండ్లు దాటిన స్త్రీకి కవలలు పుట్టిరి. ఋతువులుడిగి ఎంతో కాలమైనను హార్మోనులు ఆ పొరను మరల సిద్ధము చేసినవి. చేయగలుగుట వేరు, చేయదగుట వేరు. తల్లి ప్రాణమునకు గల అపాయమును, బిడ్డల భవిష్యత్తును తలచి పలువురు వైద్యులు అప్పుడు ఆక్షేపించిరి. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీలకు ఏబదియేండ్లు, పురుషులకు ఏబదియైదేండ్లు పరిమితిగా విధించెను.

పిండమును దాచి మరుసటి మాసమునకు వేచియుండుట అందరికిని అవసరమని భావింపరాదు. అండాశయములలో నీటిబుడగల లక్షణము గల స్త్రీలకు అది మేలు చేయునని పెద్ద పరిశోధనలలో తేలినది. ఋతుచక్రము సక్రమముగ నున్నవారిలో వెంటనే ప్రవేశపెట్టినను, దాచి ప్రవేశపెట్టినను ఫలితము ఇంచుమించు సమానమే. గర్భాశయపు పొరను గీకినచో పిండము బాగుగ నాటుకొనునని కొంతకాలము చెప్పిరి. 2019లో వెలువడిన పెద్ద పరిశోధన దానివలన లాభము లేదని చూపినది. ఖర్చుకు వెరవక ప్రతి పరీక్షకును తలయూపు దంపతులు ఈ పరీక్ష వలన ఫలితము పెరుగునని ఋజువు కలదా యని వైద్యుని వినయముగ అడుగవచ్చును. మంచి వైద్యుడు కోపగింపడు. ముఖోపాధ్యాయ వంటివాడైనచో లెక్కల పుస్తకము తీసి చూపును.

ఈ జీవితమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు ఒక విషయమును గమనింపవలెను. ముఖోపాధ్యాయను కాపాడినవి చివరకు సభలును బిరుదులును కావు, ఆయన చేతివ్రాతలు. ఏ దినమున ఏ మందు ఎంత ఇచ్చినది, ఏ పిండము ఎన్ని దినములు దాచబడినది వ్రాసి యుంచినందుననే, పదునారేండ్ల తరువాత చదువగలవాడు వచ్చి చదివి సత్యమును గ్రహింపగలిగెను. ప్రయోగశాలలో విద్యార్థి తన లెక్కల పుస్తకమును శుభ్రముగ, నిజాయితీతో వ్రాయవలెనని మనము చెప్పునప్పుడు, మార్కుల కొరకే చెప్పుచున్నామని వారు తలచెదరు. వారికి ఈ కథ చెప్పుడు.

ఇంకొక విషయము. తనకు తెలియని విషయముపై తీర్పు చెప్పు పదవి దొరకినప్పుడు, ఆ పదవిని నిరాకరించుట గొప్ప విద్య. తనకు దక్కిన కీర్తి తనది కాదని తెలిసినప్పుడు, దానిని తిరిగి ఇచ్చుట అంతకన్న గొప్ప విద్య. మొదటి విద్య లేకపోవుటచే ఒక ప్రాణము పోయినది. రెండవ విద్య యొక్కనికి ఉండుటచే ఆ ప్రాణము యొక్క సత్యము నిలిచినది. పిండము అదను కొరకు 53 దినములు వేచినది. ఆ పిండమును దాచినవాని కీర్తి పందొమ్మిది సంవత్సరములు వేచినది. మన సంఘములో మేధావులకు అదను ఇంత ఆలస్యముగ రాకుండ చూచుట నేటి విద్యార్థుల చేతులలో నున్నది.